గేజ్ ముల్లు ఏం చెబుతోందో చూడకుండా బాయిలర్ మార్చకండి

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్‌లో ఉంటాం. నిరుడు వేసవిలో మూడు బెడ్‌రూముల ఇల్లు కొన్నాం. వంటగదిలో తొమ్మిదేళ్ల నాటి గ్యాస్ కాంబి బాయిలర్, గదుల్లో గోడలకు వేడి నీళ్లతో గది వెచ్చబెట్టే రేడియేటర్లు మొత్తం పది ఉన్నాయి. చలి మొదలైనప్పటి నుంచి నాలుగు రోజులకోసారి బాయిలర్ ఆగిపోతోంది. అప్పుడు చూస్తే ప్రెషర్ గేజ్ ముల్లు సున్నా దగ్గర ఉంటుంది. మావారు బాయిలర్ కింద ఉన్న చిన్న ట్యాపు తిప్పి నీళ్లు ఎక్కిస్తారు, మళ్లీ పనిచేస్తుంది. హీటింగ్ జోరుగా నడుస్తున్నప్పుడు అదే ముల్లు ఎర్ర గీత దాకా పోతోంది. పైన చివరి బెడ్‌రూములో రేడియేటర్ పైభాగం వేడిగా, కింద మధ్యలో చల్లగా ఉంటుంది. పక్క గదిలోది అసలు వేడెక్కడమే లేదు. ఒక మెకానిక్ వచ్చి పది నిమిషాలు చూసి, బాయిలర్ పాతబడింది, కొత్తది పెట్టించుకోండి అన్నాడు. నిజంగా మార్చాలా? జనవరిలో మా అత్తగారు విజయవాడ నుంచి వస్తున్నారు. ఆవిడ కోసం రాత్రంతా హీటింగ్ వేసి ఉంచాలా?

సమాధానం: మీ ఉత్తరంలోనే సగం జవాబు ఉంది. చల్లగా ఉంటే సున్నా, వేడెక్కితే ఎర్ర గీత. ఈ రెండూ జంటగా కనబడితే మొదట అనుమానించాల్సింది బాయిలర్ వయసును కాదు, దాని లోపలుండే ఎక్స్‌పాన్షన్ వెసెల్‌ను. దానిలో గాలి ఎంతుందో కొలిచి చూడకుండా బాయిలర్ మార్చమన్న సలహా తొందరపాటు. కొలిచారా అని ఆ మెకానిక్‌నే అడగండి.

ఇది ఎందుకు జరుగుతుందో తెలిస్తే ఎవరేం చెప్పినా మీరే బేరీజు వేసుకోగలరు. మనవైపు గీజర్‌లో ఒకపక్క చన్నీళ్లు వస్తుంటాయి, ఇంకోపక్క వేన్నీళ్లు పోతుంటాయి. కాంబి బాయిలర్ అంటే కుళాయి నీళ్లనూ రేడియేటర్ల నీళ్లనూ రెండింటినీ వేడిచేసేది. దానిలో కుళాయికి వెళ్లే నీళ్ల దారి అలాంటిదే. రేడియేటర్ల నీళ్ల దారి మాత్రం పూర్తిగా వేరు. అక్కడ ఒకసారి నింపిన నీళ్లే ఏళ్ల తరబడి గుండ్రంగా తిరుగుతాయి. పది రేడియేటర్ల ఇంట్లో ఆ నీళ్లు సుమారు 80 నుంచి 100 లీటర్లు ఉంటాయి. 100 లీటర్ల నీళ్లు 10 డిగ్రీల నుంచి 70 డిగ్రీలకు వేడెక్కితే రెండు లీటర్లకు పైగా ఉబ్బుతాయి. మూసిన పైపుల్లో ఆ రెండు లీటర్లు ఎక్కడికి పోవాలి? అందుకోసమే వెసెల్ పెట్టారు. అది ఒక ఇనుప డబ్బా. మధ్యలో రబ్బరు పొర, ఒకపక్క నీళ్లు, ఇంకోపక్క గాలి. నీళ్లు ఉబ్బితే గాలి నొక్కుకుపోయి చోటిస్తుంది, చల్లారితే మళ్లీ నెడుతుంది.

చాలా కాంబిల్లో ఈ డబ్బా 8 లీటర్ల దాకా ఉంటుంది, దానిలో గాలిని 0.75 నుంచి 1 బార్ మధ్య నింపుతారు. బార్ అంటే ఒత్తిడి కొలత. గేజ్ చూపే అంకెకు బయటి గాలి ఒత్తిడి ఇంకో 1 బార్ కలుపుకుని లెక్క వేసి చూడండి. 1 బార్ దగ్గర 8 లీటర్లున్న గాలి 2 బార్ దగ్గర 5.3 లీటర్లకు కుంచించుకుపోతుంది, అంటే 2.7 లీటర్ల నీళ్లకు చోటు దొరుకుతుంది. అందుకే ఆరోగ్యంగా ఉన్న హీటింగ్‌లో గేజ్ చల్లగా ఉన్నప్పుడు 1 నుంచి 1.5 బార్ దగ్గర, బాగా వేడెక్కాక 2 బార్ అటూఇటూగా ఉంటుంది.

సైకిల్ ట్యూబులో గాలి తగ్గినట్టే వెసెల్‌లో గాలి కూడా ఏడాదికేడాది కొద్దికొద్దిగా తగ్గుతుంది. సర్వీసింగులో దాన్ని చూడకుండా వదిలేస్తే ఏడెనిమిదేళ్లకు అడుగంటుతుంది. అప్పుడు ఉబ్బిన నీళ్లకు చోటుండదు, ప్రెషర్ 3 బార్‌కు పరిగెడుతుంది. అక్కడ సేఫ్టీ వాల్వు తెరుచుకుంటుంది. కుక్కర్‌కు సేఫ్టీ వాల్వు ఎలాగో ఇదీ అలాగే. దానికి కట్టిన 15 మిల్లీమీటర్ల రాగి పైపు గోడ బయటికి వస్తుంది, కొస గోడవైపు వంచి ఉంటుంది. మీ లీటరూ రెండు లీటర్లూ అక్కడి నుంచి బయట కారిపోతాయి. రాత్రి హీటింగ్ ఆగి అంతా చల్లారేసరికి ఆ పోయిన నీళ్ల మేర ప్రెషర్ పడిపోతుంది. అరబార్ కంటే కిందికి పోయాక బాయిలర్ తనంతట తాను ఆగుతుంది. వైలంట్ కంపెనీ బాయిలర్ అయితే తెర మీద ఎఫ్22, ఐడియల్ లాజిక్ అయితే ఎఫ్1 చూపిస్తుంది. మీవారు నీళ్లు ఎక్కిస్తారు, అవి మళ్లీ వేడెక్కుతాయి, మళ్లీ బయట కారతాయి. మీ నాలుగు రోజుల చక్రం ఇదే.

ఇది ఊహో నిజమో తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేదు. బయట గోడ దగ్గర ఆ రాగి పైపు కొసను వెతకండి. దానికి ఒక ఫ్రీజర్ కవరు తొడిగి రబ్బరు బ్యాండు వదులుగా వేయండి. పైపును మాత్రం బిరడాతోనో టేపుతోనో మూయకండి, అది ప్రాణాలు కాపాడే దారి. ఉదయం హీటింగ్ వేయకముందు గేజ్ చూసి కాగితం మీద రాసుకోండి. హీటింగ్ వేసిన గంట తర్వాత మళ్లీ చూడండి, రాసుకోండి. ఆపేసి అంతా చల్లారాక మూడోసారి చూడండి. రెండు రోజులు ఇలా చేస్తే చాలు. ముల్లు 2.7, 3 దాకా ఎక్కి, కవరులో నీళ్లు చేరితే దోషం దొరికినట్టే.

కవరు పొడిగా ఉండి, ముల్లు ఎక్కకుండా రోజూ కొద్దికొద్దిగా దిగుతుంటే కథ వేరు. అప్పుడు నీళ్లు ఇంకెక్కడో కారుతున్నాయి. ప్రతి రేడియేటర్ రెండు కొసల్లోనూ వాల్వు కాండం చుట్టూ టిష్యూ పేపరు తిప్పి చూడండి. ఆకుపచ్చగానో తుప్పు రంగులోనో చార కనబడితే అక్కడే చెమ్మ. ఎక్కడా కనబడకపోతే కారేది ఫ్లోరు కింది పైపా, బాయిలర్ లోపలా అన్నది తేల్చాలి. చల్లారిన బాయిలర్‌ను స్విచ్ దగ్గర ఆపి, దాని కిందున్న ఫ్లో (రేడియేటర్లకు వెళ్లే దారి), రిటర్న్ (తిరిగొచ్చే దారి) వాల్వులను రాత్రికి మూసి, పొద్దున గేజ్ చూస్తారు. మూసి ఉండగానే గేజ్ పడిపోతే లీకు బాయిలర్‌లో ఉంది. నిలబడి, వాల్వులు తెరవగానే పడితే పైపుల్లో ఉంది. పాత వాల్వులు తిప్పితే వాటి దగ్గరే కారడం మొదలెట్టవచ్చు కాబట్టి ఇది ఇంజనీరు చేతే చేయించండి. చేసినవాళ్లు బాయిలర్ వెలిగించే ముందు రెండూ తిరిగి తెరవాలి.

ఇంకో రకం ఉంది. హీటింగ్ వేయకపోయినా రాత్రికి రాత్రే ముల్లు పైకి పోతుంది. దానికి వెసెల్‌తో పని లేదు. నీళ్లు ఎక్కించే ట్యాపు పూర్తిగా మూసుకోకపోయినా, కుళాయి నీళ్లను వేడిచేసే ప్లేట్ హీట్ ఎక్స్ఛేంజర్‌కు సూది రంధ్రం పడినా మెయిన్స్ నీళ్లు లోపలికి జొరబడతాయి. మీ ఇంట్లో ట్యాపు తిప్పడం అలవాటైపోయింది కదా, మొదట ఆ ట్యాపునే చూడండి.

ఇక మరమ్మతు. ఇక్కడ ఒక గీత గీయాలి. బాయిలర్ ముందు కవరు విప్పే పని మీది కాదు. చాలా మోడళ్లలో ఆ కవరే మంట మండే గదికి గాలి చొరబడని మూత. సరిగా కూర్చోకపోతే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తుంది. బ్రిటన్‌లో గ్యాస్ పనులు డబ్బు తీసుకుని చేసేవాళ్లు గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో నమోదై ఉండాలన్నది చట్టం. 2009 ఏప్రిల్ 1న కార్గీ అనే పాత రిజిస్టర్ స్థానంలో ఇది వచ్చింది. వచ్చినవాళ్ల దగ్గర గుర్తింపు కార్డు అడగండి, వెనక్కి తిప్పి చూడండి. ఏయే పనులకు అర్హత ఉందో అక్కడే రాసి ఉంటుంది. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాట పడకండి. మంచి ఇంజనీరు అడక్కముందే చూపిస్తాడు.

ఫోన్ చేసేటప్పుడు "బాయిలర్ ఆగిపోతోంది" అని కాకుండా "చల్లగా ఉంటే 0.3, వేడెక్కితే 2.9, బయటి పైపు కారుతోంది, వెసెల్ చార్జ్, అంటే లోపలి గాలి, చూడాలి" అని అంకెలతో చెప్పండి. అతను చేయాల్సిన పని ఇది. కరెంటు ఆపి, బాయిలర్ చల్లారాక, ఫ్లో రిటర్న్ వాల్వులు మూసి, బాయిలర్ లోపలి నీళ్లు వదిలి ప్రెషర్ సున్నాకు తెస్తాడు. నీళ్లు వదిలిన దారిని తెరిచే ఉంచుతాడు. ఇది ముఖ్యం. నీళ్లపక్క ప్రెషర్ మిగిలుండగా గాలి కొలిస్తే కొలిచేది గాలిని కాదు, నీళ్లు నెట్టే ఒత్తిడిని. చాలామంది తప్పేది ఇక్కడే. తర్వాత వెసెల్ మీది వాల్వు మూత తీస్తాడు. అది అచ్చం కారు టైరు వాల్వు లాంటిదే. లోపలి పిన్ను నొక్కినప్పుడు గాలి వస్తే రబ్బరు బాగుంది, నీళ్లు వస్తే రబ్బరు చిరిగింది.

గాలి వస్తే పంపుతో, తయారీదారు చెప్పిన అంకె వరకు కొడతాడు. టైరు గేజ్ పీఎస్ఐలో చూపిస్తే 1 బార్ అంటే 14.5 అని గుర్తు. కొడుతుంటే ఇన్నాళ్లూ డబ్బాలో తిష్ఠవేసిన నీళ్లు వదిలిన దారి గుండా బయటికి వస్తాయి. అవి ఆగేదాకా కొట్టి, మళ్లీ కొలిచి, అప్పుడు దారి మూసి, 1.2 బార్‌కు నీళ్లు నింపుతాడు. గంట పని. కొట్టిన గాలి నెల తిరగకుండానే పోతుంటే రబ్బరు కాకపోయినా వాల్వు పిన్ను లీకవుతోందని అర్థం. సబ్బు నీళ్ల బుడగతో అదీ తెలిసిపోతుంది.

రబ్బరు చిరిగి ఉంటే రెండు దార్లున్నాయి. లోపలి వెసెల్ మార్చడం ఒకటి. కొన్ని మోడళ్లలో అది బాయిలర్ వెనక ఇరుక్కుని ఉంటుంది, దాన్ని తీయాలంటే బాయిలర్‌నే గోడ మీంచి దించాలి. ఆ మాట చెప్పి "అంత కూలీ పెట్టే బదులు కొత్తదే" అంటారు. రెండో దారి, రిటర్న్ పైపు మీద బయట ఇంకో వెసెల్ బిగించడం. ఎర్ర డబ్బా, 10, 12 లీటర్లది, అల్మారాలో పట్టేస్తుంది. లోపలి పాతది ఉన్నచోటే చచ్చిపడి ఉంటుంది, నష్టం లేదు. మీ ఇంటికి ఇదే తెలివైన పని అని నా అభిప్రాయం. దీనితోపాటు సేఫ్టీ వాల్వు కూడా కొత్తది వేయమనండి. వారాల తరబడి తెరుచుకున్న వాల్వు సీటులో మట్టి పడి పూర్తిగా మూసుకోదు. వెసెల్ బాగుచేసి దాన్ని వదిలేస్తే బయట చుక్కలు పడుతూనే ఉంటాయి, మీరేమో రిపేరు పనిచేయలేదని అనుకుంటారు. రెండు విడిభాగాల ధరా కలిపినా కొత్త బాయిలర్ పెట్టించే ఖర్చులో పదో వంతు దాటదు.

ఈలోగా మీ ఆయన నీళ్లు ఎక్కించడం గురించి. తప్పనప్పుడు ఎక్కించండి, పద్ధతిగా ఎక్కించండి. బాయిలర్ ఆపి చల్లారనివ్వాలి. ఫిల్లింగ్ లూప్ అంటే రెండు వాల్వుల మధ్య వెండి రంగు అల్లిక గొట్టం. ఒక వాల్వు పూర్తిగా తెరిచి, రెండోదాన్ని పిసరంత తిప్పి, ముల్లు మీదే కన్నుంచి, 1.2 దగ్గర ఆపి రెండూ మూయాలి. తర్వాత గొట్టం విప్పి మూతలు పెట్టేయాలి. కుళాయి నీళ్ల పైపుకు రేడియేటర్ మురికి నీళ్లు ఎప్పుడూ అతుక్కుని ఉండకూడదనే నియమం దీనికి కారణం. కొన్ని బాయిలర్లలో గొట్టానికి బదులు మీట ఉంటుంది, దానికి ఈ విప్పే పని లేదు.

తప్పనప్పుడే అని ఎందుకన్నానంటే, కొత్త నీళ్లతోపాటు కొత్త ఆక్సిజన్ లోపలికి వెళ్తుంది. మూసిన లూపులో పాత నీళ్లు ఆక్సిజన్ అయిపోయాక ఇనుమును పెద్దగా తినవు. నాలుగు రోజులకోసారి తాజా నీళ్లు పోస్తే రేడియేటర్లు లోపల్నుంచి తుప్పు పడుతూనే ఉంటాయి. ఆ తుప్పు మాగ్నెటైట్ అనే నల్లటి బురదగా మారి, సాంబారు గిన్నె అడుగున పప్పు దిగినట్టు రేడియేటర్ అడుగున పేరుకుంటుంది. మీ చివరి బెడ్‌రూములో పైన వేడి, కింద మధ్యలో చల్లన అంటే అదే. అంటే మీ రెండు ఫిర్యాదులకూ మూలం ఒకటే కావచ్చు. కాబట్టి మొదట వెసెల్, తర్వాతే రేడియేటర్లు. వరస తప్పితే కడిగిన రేడియేటర్‌లో మళ్లీ బురద దిగుతుంది.

రేడియేటర్ చేత్తో తడిమితే చాలా చెబుతుంది. పైన చల్లగా, కింద వేడిగా ఉంటే గాలి. కింద మధ్యలో చల్లగా ఉంటే బురద. మొత్తం చల్లగా ఉండి, దానికి వచ్చే పైపు వేడిగా ఉంటే వాల్వు అతుక్కుపోయింది. పైపు కూడా చల్లగా ఉంటే నీళ్లు అటు రావడమే లేదు.

మీ పక్క గది రేడియేటర్‌ది వాల్వు సంగతే అయి ఉండొచ్చు. వేసవంతా మూసి ఉంచిన టీఆర్‌వీల్లో, అంటే గది వేడిని బట్టి తమంతట తాము తెరుచుకుని మూసుకునే, 1 నుంచి 5 అంకెలున్న బుడిపె వాల్వుల్లో, లోపలి పిన్ను కిందికి దిగి అక్కడే పట్టేస్తుంది. బుడిపెను 5 మీద పెట్టి, కింది రింగు విప్పి బుడిపెను పైకి తీయండి. నీళ్లు రావు, భయం లేదు. మధ్యలో చిన్న ఇత్తడి పిన్ను కనబడుతుంది. స్పానర్ వెనక పక్కతో నొక్కి వదిలితే మూడు నాలుగు మిల్లీమీటర్లు దిగి తనంతట లేవాలి. లేవకపోతే వాల్వు పక్క భాగాన్ని తేలిగ్గా తట్టి, కాస్త సిలికాన్ స్ప్రే వేసి, పదిసార్లు నొక్కి వదలండి. పటకారుతో పట్టి పైకి లాగకండి. పిన్ను ఊడి చేతికొస్తే నల్ల నీళ్లు కార్పెట్ మీదే. బుడిపె తిరిగి బిగించాక పదిహేను నిమిషాల్లో వేడి రావాలి. ఇకనుంచి వేసవిలో టీఆర్‌వీలన్నీ పూర్తిగా తెరిచి ఉంచండి.

గాలి తీయడం సులువే, కానీ హీటింగ్ ఆపి, నీళ్లను తిప్పే పంపు ఆగాక తీయాలి. పంపు తిరుగుతుంటే గాలిని లోపలికి పీల్చుకునే వీలుంది. రేడియేటర్ పై మూలన చతురస్రపు పిన్నుకు రేడియేటర్ తాళంచెవి పెట్టి, కింద గుడ్డ పట్టి, అపసవ్యంగా అర చుట్టు తిప్పండి. బుసబుస ఆగి నీళ్లు రాగానే మూయండి. వారంలో మళ్లీ గాలి చేరితే అది బయటి గాలి కాకపోవచ్చు. తుప్పు పట్టేటప్పుడు హైడ్రోజన్ పుడుతుంది, అది అంటుకుంటుంది. గాలి తీస్తూ దగ్గర కొవ్వొత్తో లైటరో పెట్టకండి. తీసిన తర్వాత ప్రెషర్ కొంత తగ్గుతుంది, చూసుకోండి.

బురద ఉన్న రేడియేటర్ ఒక్కటే అయితే దాన్ని విప్పి బయట కడగడం, ఇల్లంతా పవర్ ఫ్లష్ (యంత్రంతో నీళ్లు జోరుగా తిప్పి కడగడం) చేయించడం కంటే చవక. ఇది గ్యాస్ పని కాదు. చేతికి పనితనం ఉంటే మీ ఆయనే చేయొచ్చు. బాయిలర్ ఆపి చల్లారనిచ్చి, టీఆర్‌వీని 0 మీద పెట్టి మూసే మూత ఉంటే అది బిగించండి. మంచు గుర్తు మీద వదిలేస్తే గది చల్లబడినప్పుడు దానంతటదే తెరుచుకుని నీళ్లు వదులుతుంది, జాగ్రత్త. రెండో కొసలో ప్లాస్టిక్ టోపీ కింద ఉన్న లాక్‌షీల్డ్ అనే వాల్వును సవ్యంగా మూస్తూ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి రాసుకోండి. తిరిగి పెట్టేటప్పుడు అన్నే తెరవాలి. కింద తువాళ్లు, వెడల్పాటి పళ్లెం పెట్టి ఒకపక్క నట్టు కొద్దిగా వదులు చేయండి, తర్వాత పైన గాలి పిన్ను తెరిస్తే నీళ్లు దిగుతాయి. గిన్నెలు మార్చుకుంటూ పోవాలి. ఆ నీళ్ల నలుపు కార్పెట్ నుంచి పోదు, కాబట్టి తువాళ్లు ధారాళంగా వేయండి. మీటరు వెడల్పు డబుల్ ప్యానెల్ రేడియేటర్‌ను ఒక్కరు ఎత్తాలనుకోవద్దు, లోపల నీళ్లు మిగిలితే ఇంకా బరువు. పెరట్లోకి మోసుకెళ్లి తోట గొట్టంతో రెండు కొసల నుంచీ మార్చి మార్చి నీళ్లు కొట్టండి. రబ్బరు సుత్తితో అక్కడక్కడ తట్టండి. నీళ్లు తేటపడే దాకా ఇదే పని. బిగించేటప్పుడు నట్ల అతుకులు తుడిచి కాస్త జాయింటింగ్ పేస్టు రాయండి.

నాలుగైదు రేడియేటర్లు అలాగే ఉంటే విడివిడిగా కడగడం వృథా ప్రయాస. అప్పుడు క్లీనర్ మందు పోసి, సీసా మీద చెప్పినన్ని రోజులు తిప్పి, మొత్తం ఖాళీ చేసి కడిగించాలి. రెండు పద్ధతుల్లో ఏది చేసినా చివర ఇన్హిబిటర్ పోయాలి. అది తుప్పును ఆపే ద్రవం. ఫెర్నాక్స్ ఎఫ్1, సెంటినెల్ ఎక్స్100 ఇక్కడ ఏ ప్లంబింగ్ దుకాణంలోనైనా దొరుకుతాయి. మీ ఇంటి కొలతకు మామూలుగా ఒక్క సీసా. ఎన్ని లీటర్లకు ఎంతో సీసా మీద చూడండి. రిటర్న్ పైపు మీద మాగ్నెటిక్ ఫిల్టర్ లేకపోతే వెసెల్ పెట్టే రోజే అదీ పెట్టించండి. నీళ్లు ఒకసారి వదిలితే రెండు పనులూ అవుతాయి. ఏటా సర్వీసులో దాన్ని విప్పి చూపించమనండి. అయస్కాంతానికి పట్టిన నల్లటి మడ్డి చూస్తే మీకే నమ్మకం కలుగుతుంది.

ఇవన్నీ అయ్యాక కూడా దూరపు గది ఆలస్యంగా వేడెక్కితే బ్యాలెన్సింగ్ మిగిలింది. నీళ్లు దగ్గరి దారే చూసుకుంటాయి. బాయిలర్ పక్కనున్న రేడియేటర్ల లాక్‌షీల్డ్‌లను కొంచెం మూస్తే దూరపు వాటికి వాటా దక్కుతుంది. అన్నీ పూర్తిగా తెరిచి, చల్లటి ఇంట్లో హీటింగ్ వేసి ఏది ముందు వేడెక్కుతోందో రాసుకోండి. ముందు వేడెక్కేవాటిని ఒక్కో పావు చుట్టు మూస్తూ పోండి, చివరిది పూర్తిగా తెరిచే ఉంచండి. మార్చిన ప్రతిసారీ ఇరవై నిమిషాలు ఆగాలి. ఓపిక పని, ఆదివారం పెట్టుకోండి. హాల్లో రూమ్ థర్మోస్టాట్ ఉంటే ఆ గది టీఆర్‌వీని ఎప్పుడూ 5 మీదే ఉంచాలి. లేకపోతే టీఆర్‌వీ ముందే మూసుకుని హాలు వేడెక్కదు, థర్మోస్టాట్ ఏమో బాయిలర్‌ను ఆపకుండా నడిపిస్తూనే ఉంటుంది.

మరి బాయిలర్ ఎప్పుడు మార్చాలి? మంట వేడిని నీళ్లకు అందించే ప్రధాన హీట్ ఎక్స్ఛేంజర్ పగిలితే, విడిభాగాలు దొరకడం మానేస్తే, పీసీబీ అనే సర్క్యూట్ బోర్డు, ఫ్యాన్, గ్యాస్ వాల్వు ఒకదాని వెంట ఒకటి పోతుంటే. తొమ్మిదేళ్లకు వెసెల్ పోవడం ఆ లెక్కలోకి రాదు. ఎప్పుడో మార్చే రోజు వస్తే ఇంగ్లండ్, వేల్స్‌లో బయటి గాలిలోని వేడిని లాగి ఇంటికిచ్చే ఎయిర్ సోర్స్ హీట్ పంపుకు 2023 అక్టోబరు నుంచి 7,500 పౌండ్ల ప్రభుత్వ గ్రాంటు ఇస్తున్నారు. అర్హత చూసుకుని అప్పుడు ఆలోచించండి, నడి చలికాలంలో కంగారుగా కాదు.

ఖర్చు తగ్గే చిట్కా ఒకటి ఈ రోజే చేయొచ్చు. బాయిలర్ మీద రేడియేటర్ గుర్తున్న మీటను చూడండి, 75, 80 మీద ఉంటుంది. దాన్ని 60కి తగ్గించండి. రేడియేటర్ల నుంచి తిరిగొచ్చే నీళ్లు సుమారు 55 డిగ్రీల కంటే చల్లగా ఉంటేనే పొగలోని ఆవిరి నీరై, దానిలోని వేడి మీకు దక్కుతుంది. కండెన్సింగ్ బాయిలర్ అన్న పేరు అందుకే. గదులు నిదానంగా వేడెక్కుతాయి, అంతే తేడా. నీళ్లు తక్కువ ఉబ్బుతాయి కాబట్టి ఇంజనీరు వచ్చేదాకా సేఫ్టీ వాల్వు మీద భారం కూడా కాస్త తగ్గుతుంది.

జనవరిలో ఇంకో చిక్కు రావచ్చు. ఆ నీరైన ఆవిరి తెల్లటి ప్లాస్టిక్ పైపులో బయటి కాలువకు పోతుంది. గడ్డకట్టే చలిలో బయట సన్నగా, పొడవుగా ఉన్న ఆ పైపులో మంచు బిగుసుకుంటే బాయిలర్ గుడగుడలాడి ఆగిపోతుంది. వైలంట్‌లో ఎఫ్28, వోర్సెస్టర్ బాష్‌లో ఈఏ లాంటివి చూపిస్తుంది. అవి మంట వెలగలేదనే సంకేతాలు, వేరే కారణాలకూ వస్తాయి. కానీ మంచు పడ్డ పొద్దున వస్తే మొదట చూడాల్సింది ఆ పైపే. గోరువెచ్చని నీళ్లు పైపు మీద పోయండి, మరిగే నీళ్లు వద్దు, ప్లాస్టిక్ పగులుతుంది. కరిగాక రీసెట్ నొక్కండి. పైపు బయటి భాగం 32 మిల్లీమీటర్లది వేయించి, నురుగు తొడుగు పెట్టిస్తే మళ్లీ వచ్చే అవకాశం బాగా తగ్గుతుంది.

ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకపోతే ఈ వారమే కొనండి, బీఎస్ ఈఎన్ 50291 అని ఉన్నది. బాయిలర్ ఉన్న గదిలో, దానికి ఒకటి నుంచి మూడు మీటర్ల దూరంలో పెట్టండి. అది మోగినా, గ్యాస్ వాసన వచ్చినా కిటికీలు తెరిచి, వీలైతే మీటరు దగ్గర గ్యాస్ ఆపి, అందరూ బయటికి వచ్చి 0800 111 999కు ఫోన్ చేయండి. ఇరవైనాలుగు గంటలూ పలుకుతారు. ఇంట్లో ఉన్నంతసేపు తలనొప్పి, వికారం, బయటికి వస్తే తగ్గడం ఉంటే జలుబనుకుని ఊరుకోకండి.

మీ అత్తగారి సంగతి. రాత్రంతా పగటి మాదిరి 21 డిగ్రీలు ఉంచక్కర్లేదు, అలాగని పూర్తిగా ఆపేయొద్దు. చలికాలంలో ఇంట్లో కనీసం 18 డిగ్రీలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది, పెద్దవాళ్లకు అంతకంటే కాస్త ఎక్కువే మంచిది. టైమరులో పడుకునే వేళ నుంచి తెల్లవారు ఐదింటి దాకా 18, అక్కడి నుంచి 21 పెట్టండి. ఆవిడ గది టీఆర్‌వీ 4 మీద ఉంచండి. కానీ రాత్రి థర్మోస్టాట్ ఉన్న హాలే 18కి చేరి బాయిలర్ ఆగిపోతే ఆవిడ గదికీ వేడి రాదు. చలేస్తోందంటే రాత్రి అంకెను 19 చేయండి. ఆవిడ గదికి మీరు చెప్పిన ఆ చివరి బెడ్‌రూమే ఇవ్వాలనుకుంటే, రేడియేటర్ కడిగే పని డిసెంబరులోనే పెట్టుకోండి. తడి చీరలు రేడియేటర్ మీద ఆరేయడం మాత్రం వద్దని మెల్లగా చెప్పండి. గదికి వేడి తగ్గుతుంది, ఆ తడి అంతా చల్లటి గోడ మూలకు చేరి ఫిబ్రవరికల్లా నల్లగా బూజు పడుతుంది.